అడుగున చియాన్‌లాంగ్ ముద్ర ఉన్న చైనా పింగాణీ వాజ్‌కు విలువ ఎంత?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను. మీ తాతగారు రంగూన్‌లో బియ్యం మిల్లులో గుమాస్తాగా చేసి, రెండో ప్రపంచ యుద్ధానికి ముందే కాకినాడ తిరిగొచ్చారు. ఆయన తెచ్చారని ఇంట్లో చెప్పుకునే చైనా పింగాణీ ఫ్లవర్ వాజ్ ఇప్పుడు మీ దగ్గరుంది. ఎత్తు పదహారు అంగుళాలు. ఒంటినిండా గులాబీ రంగు పూలు, పిట్టలు, వసారాలో కూర్చున్న ఆడవాళ్లు. మెడకు రెండు పక్కలా బంగారు పూత సింహాలు. మూతి అంచున చిన్న పెచ్చు ఊడింది. అడుగున ఎర్రటి చదరపు ముద్ర. ఫోన్‌లో వెతికితే అది చియాన్‌లాంగ్ చక్రవర్తి ముద్ర అని, అలాంటివి కోట్లకు పోయాయని వచ్చింది. పాత సామాను కొనే ఒకాయన మాత్రం పన్నెండు వేలు ఇస్తానన్నాడు. ఎవరి మాట నమ్మాలి?

ముందు సూటిగా చెప్తాను. ఇది చియాన్‌లాంగ్ కాలం (1736–1795) నాటిది కాదు. కోట్ల మాట వదిలేయండి. మీరు పెట్టిన ఫొటోల్లో కనిపిస్తున్నంతవరకు ఇది చైనా దక్షిణాన ఉన్న కాంటన్ నగరపు పద్ధతిలో రంగులు వేసిన ఎగుమతి సరుకు. 19వ శతాబ్దం చివర లేదా 20వ శతాబ్దం మొదట చేసినదైతే, పెచ్చు ఉన్నా మన దగ్గర ముప్పై, నలభై వేల నుంచి లక్ష లోపు పలకవచ్చు. అదే 1960ల తర్వాత హాంకాంగ్‌లోనో మకావులోనో రంగులు వేసినదైతే అలంకరణ వస్తువుగా అయిదు నుంచి పది వేలు. అంటే మొదటి రకమైతే ఆయన చెప్పిన పన్నెండు వేలు తక్కువ, రెండో రకమైతే మంచి ధర. ఏ రకమో తేలేదాకా అమ్మకండి. ఆ తేడా మీ ఇంట్లోనే చాలావరకు తేల్చుకోవచ్చు.

నేను చాలా ఏళ్లు ఇంగ్లండ్‌లో ఒక వేలం సంస్థలో ఆసియా పింగాణీకి కేటలాగు రాసే పనిలో ఉన్నాను. ఇప్పుడు విశాఖలో ఉంటూ ఇళ్లలోని పాత వస్తువులు చూసి చెబుతుంటాను. అక్కడా ఇక్కడా జనం మొదట తిప్పి చూసేది అడుగునున్న ముద్రే. నేను మాత్రం దాన్ని అన్నిటికంటే చివర్న చూస్తాను.

కారణం చెప్తాను. ఆ ఎర్ర ముద్రలో ఉన్న ఆరు అక్షరాలకు 'మహా చింగ్ వంశపు చియాన్‌లాంగ్ ఏలుబడిలో చేసినది' అని అర్థం. చైనాలో పాత రాజుల ముద్రలను తర్వాతి వాళ్లు వేయడం శతాబ్దాలుగా ఉన్న అలవాటు. 17వ శతాబ్దంలో కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో చేసిన వాటి మీద 15వ శతాబ్దపు చెంగ్‌హువా చక్రవర్తి ముద్ర దొరుకుతుంది. 19వ శతాబ్దం చివర చేసిన నీలం తెలుపు జాడీల మీద నాలుగు అక్షరాల కాంగ్‌షీ ముద్ర దొరుకుతుంది. ఇవన్నీ మోసం చేయాలని వేసినవి కావు. పాత పనితనం మీద గౌరవం కొంత, అమ్మకం కోసం కొంత. 1915 చివర్లో అప్పటి చైనా అధ్యక్షుడు యువాన్ షికాయ్ తనను తాను చక్రవర్తిగా ప్రకటించుకుని కొద్ది నెలలే ఉన్నాడు. ఆయన ఏలుబడి పేరైన 'హొంగ్‌షియన్' ముద్రతో దొరికే పింగాణీలో ఎక్కువ భాగం ఆ తర్వాత చేసిందే.

మీ వాజ్ విషయంలో ఇంకో సంగతి ఉంది. 19వ శతాబ్దపు కాంటన్ వాజ్‌లకు మామూలుగా అడుగున ముద్రే ఉండదు. వాటిని జియాంగ్‌షీ రాష్ట్రంలోని జింగ్‌డెజెన్‌లో తెల్లగా కాల్చి, దక్షిణాన గ్వాంగ్‌జౌకు, అంటే కాంటన్‌కు తెచ్చి, అక్కడి పనివాళ్లు రంగులు వేసి, మళ్లీ తక్కువ వేడిలో కాల్చి ఓడలకు ఎక్కించేవారు. పరదేశానికి పోయే సరుకు మీద రాజముద్ర వేసే అవసరం వాళ్లకు లేదు. అమెరికా 1890లో తెచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం వల్ల 1891 నుంచి దేశం పేరు వేయాల్సి వచ్చింది. అందుకే ఆ తర్వాతి సరుకు మీద 'చైనా' అని, 1920ల ప్రాంతం నుంచి 'మేడ్ ఇన్ చైనా' అని ఇంగ్లీషులో కనిపిస్తుంది. 1960లు, 70లు, 80లలో హాంకాంగ్, మకావుల నుంచి వచ్చిన అలంకరణ వాజ్‌ల మీద మాత్రం మీరు పెట్టిన ఫొటోలో ఉన్నట్టే ఎర్రటి చదరపు చియాన్‌లాంగ్ ముద్ర చాలా మామూలు. మీకు ఆశ పుట్టించిన ముద్రే నాకు అనుమానం పుట్టిస్తోంది.

అయినా దాన్ని బట్టే కొత్తదని కొట్టిపారేయను. ఎర్ర ముద్ర గ్లేజ్ పైన, అంటే పింగాణీ మీది గాజులాంటి పూత పైన ఉంటుంది. ముద్ర లేని పాత వాజ్ మీద దాన్ని ఎప్పుడైనా, ఎవరైనా వేయొచ్చు. కాబట్టి ముద్ర మీద వేలు పెట్టి మూసేసి, మిగతా ఒంటిని చూద్దాం.

అడుగు అంచు. వాజ్‌ను మంచం మీద మెత్తటి దుప్పటి పరిచి పడుకోబెట్టండి. అడుగున గుండ్రంగా, గ్లేజ్ లేకుండా ఒక అంచు ఉంటుంది. పింగాణీ అసలు ఒళ్లు బయటపడేది అక్కడే. పాత జింగ్‌డెజెన్ మట్టి చాలా సన్నగా, గట్టిగా, వేలికి నున్నగా తగులుతుంది. గ్లేజ్ ఆగిన చోట కొన్నిసార్లు సన్నని నారింజ రంగు గీత ఉంటుంది, బట్టీలో అంటుకున్న ఇసుక రేణువులు ఒకటి రెండు ఉండొచ్చు. సుద్దముక్కలా తెల్లగా పాలిపోయి, గరుకుగా ఉంటే కొత్తదనే అనుమానించాలి. పాతదిగా చూపించడానికి ఆ అంచుకు గోధుమ రంగు పూసేవాళ్లున్నారు. నిజమైన మురికి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది. పూసిన రంగు చుట్టూ ఒకే తీరుగా ఉంటుంది.

ఆ అంచు మీది గీతలను టార్చి ఏటవాలుగా వేసి చూడండి. డెబ్భై, ఎనభై ఏళ్లు బల్లల మీద, అలమరల్లో జరిపిన వస్తువుకు గీతలు అన్ని దిక్కులకూ పోతాయి, కొన్ని లోతుగా, కొన్ని పైపైన. గరుకు కాగితంతో రుద్దినవి ఒకే దిక్కుకు వరసగా ఉంటాయి. నాకు ఒక్క ఫొటో మాత్రమే చూసి చెప్పమంటే అడుగు అంచు ఫొటోనే అడుగుతాను.

లోపలి వైపు. మూతిలోంచి చెయ్యి పెట్టి పొట్ట దగ్గర తడమండి. పెద్ద వాజ్‌లను కుమ్మరి సారె మీద ఒకేసారి తీయలేరు. రెండు మూడు భాగాలుగా తీసి, పలుచని మట్టితో అతికించి కాల్చేవారు. ఆ అతుకు లోపల అడ్డంగా ఒక గట్టులా వేలికి తగులుతుంది. పలుచని మట్టిని అచ్చులో పోసి చేసిన వాటికి ఆ గట్టు ఉండదు, గోడ మందం అంతటా ఒకేలా ఉంటుంది. సింహాలతో సహా అచ్చు పోసి ఉంటే, సరిగ్గా వాటి వెనక లోపలి వైపున గుంటలు తగులుతాయి. పాత వాటిల్లో సింహాలను విడిగా చేసి బయట నుంచి అతికించేవారు కాబట్టి లోపల నున్నగా ఉంటుంది.

రంగులు. పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కొనుక్కోండి, ఎక్కువ ఖర్చేమీ కాదు. గులాబీ పూవు మీద పెట్టి చూడండి. ఆ గులాబీ రంగు బంగారం నుంచి వస్తుంది. 1720ల ప్రాంతంలో చైనా పింగాణీలోకి వచ్చిన రంగు అది. చేత్తో వేసిన రంగులో కుంచె నడక తెలుస్తుంది, రేకు చివర పలుచగా, మొదట చిక్కగా ఉంటుంది, వేలితో తడిమితే ఎనామెల్, అంటే గ్లేజ్ మీద వేసి కాల్చిన ఆ రంగు, ఉబ్బుగా తగులుతుంది. సన్నని చుక్కల వరసలు కనిపిస్తే అది అచ్చువేసిన కాగితంతో అంటించిన బొమ్మ. మధ్యరకం కూడా ఉంది. నల్ల గీతలు అచ్చువేసి, లోపల రంగులు చేత్తో నింపినవి. దీన్ని పట్టుకోవడానికి తేలిక దారి ఆడవాళ్ల ముఖాలు. చేత్తో వేస్తే ఏ రెండు ముఖాలూ ఒకేలా రావు. వాజ్‌కు ఇటువైపున్న ముఖం, అటువైపున్న ముఖం ఫొటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి.

బంగారు పూత కూడా మాట్లాడుతుంది. పాత పూత మెత్తని రంగులో ఉండి, చేతులు తగిలే చోట, అంటే సింహాల వీపు మీద, మూతి అంచున అరిగి ఉంటుంది. ఇప్పటి పూత ఇత్తడిలా తళతళలాడుతుంది. చేయి తగలని మూలల్లో కూడా అరిగి ఉంటే ఎవరో కావాలని అరగదీశారని అర్థం. గ్లేజ్ సంగతికొస్తే, 19వ శతాబ్దపు కాంటన్ సరుకు గ్లేజ్ స్వచ్ఛమైన తెలుపు కాదు, కొంచెం బూడిద, కొంచెం ఆకుపచ్చ కలిసిన తెలుపు. ఏటవాలు వెలుతురులో బత్తాయి తొక్కలా సన్నని గుంటలతో కనిపిస్తుంది. అద్దంలా మెరిసే మంచు తెలుపైతే వయసు తక్కువ.

వీటన్నిటిలో ఒకే సమాధానం వస్తే దాదాపు తేలిపోయినట్టే. ఒకచోట పాత, ఒకచోట కొత్త అనిపిస్తే చేత్తో పట్టుకుని చూడగల మనిషికి చూపించాలి. ల్యాబ్ పరీక్ష చేయించమంటారా అని చాలామంది అడుగుతారు. థర్మోల్యూమినిసెన్స్ అనే పరీక్ష ఉంది, మట్టిని చివరిసారి ఎప్పుడు కాల్చారో లెక్కగడుతుంది. పింగాణీకి అది చేయాలంటే ఒంటికి రంధ్రం చేసి ముక్క తీయాలి. వందేళ్లదా అరవై ఏళ్లదా అని తేల్చేంత కచ్చితంగా కూడా రాదు. మీ వాజ్‌కు అది దండగ.

ఇప్పుడు తాతగారి కథ. మీరు దాన్ని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గానీ, నాకు అదే చాలా విలువైన ఆధారం. గోదావరి జిల్లాల నుంచి, ఉత్తరాంధ్ర నుంచి రంగూన్ వెళ్లినవాళ్లు వేలకు వేలు. రంగూన్‌లో పెద్ద చైనా పేట ఉండేది, చైనా పింగాణీ అక్కడ మామూలు సరుకు. కాబట్టి కథ నమ్మదగినదే. తాతగారు యుద్ధానికి ముందే ఓడలో తెచ్చారని తేలితే హాంకాంగ్, మకావు అనుమానం పూర్తిగా పోతుంది, వాజ్ వయసు ఎనభై ఏళ్లు దాటినట్టే. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక లక్షల మంది అడవుల వెంట నడిచి వచ్చారు. ఆ దారిలో పదహారు అంగుళాల పింగాణీ మోసుకొచ్చారంటే నేను నమ్మను, కానీ మీరు చెప్పింది అది కాదు.

అయితే ఇళ్లలో జ్ఞాపకాలు కలిసిపోతాయి. 1962 తర్వాత బర్మా నుంచి తిరిగొచ్చిన వాళ్ల కోసం 1960ల చివర్లో మద్రాసులో బర్మా బజార్ పెట్టారు. విదేశీ సరుకుకు అది పేరుపడింది. 1985లో కాలిపోయిన మద్రాసు మూర్ మార్కెట్‌లో పాత పింగాణీ దొరికేది. మీ నాన్నగారో పెదనాన్నగారో 1975లో బర్మా బజార్‌లో కొన్న వాజ్, యాభై ఏళ్లు గడిచేసరికి 'బర్మా నుంచి తాతగారు తెచ్చిన వాజ్' అయిపోవచ్చు. నేను చూసిన కుటుంబాల్లో ఇలా జరిగింది, ఎవరూ అబద్ధమాడలేదు. అందుకే పాత ఫొటోలు వెతకండి. పెళ్లి ఫొటోల్లో, నలుపు తెలుపు గ్రూప్ ఫొటోల్లో వెనకాల స్టూలు మీద ఈ వాజ్ ఉందేమో చూడండి. ఓడ టికెట్టు, రంగూన్ చిరునామాతో ఉన్న ఉత్తరం, ఏదైనా సరే భద్రపరచండి. వస్తువుతో పాటు ఆ కాగితాలు కూడా కొనేవాడికి కావాలి.

ఇంకో మాట. ఇలాంటివి జంటగా చేసేవారు. రెండోది మీ తాతగారి పంపకాల్లో బాబాయిగారింటికో మేనత్త ఇంటికో వెళ్లిందేమో కనుక్కోండి. నేను చూసిన ఒక కుటుంబంలో అన్నదమ్ములిద్దరికీ చెరొకటి వచ్చింది. ఒకరింట్లో హాల్లో ఉంది, ఇంకొకరింట్లో అటక మీద, పాత వంటసామాను వెనకాల. సింహాలు ఎదురెదురుగా చూసే జంట అది. రెండూ కలిపి అమ్మితే విడివిడిగా వచ్చే మొత్తం కంటే బాగా ఎక్కువ వచ్చింది.

మూతి పెచ్చు విషయంలో మరీ టెన్షన్ పడకండి. చిన్న పెచ్చు ధర తగ్గిస్తుంది, మొత్తం పోగొట్టదు. పొట్ట మీద సన్నని బీట ఉంటే మాత్రం దెబ్బ పెద్దదే. గోటితో మెల్లగా తట్టి వినండి. బీట లేనిది ఖంగుమని సాగుతుంది, ఉన్నది మొద్దుబారిన శబ్దం ఇస్తుంది. చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేస్తే, పాత మరమ్మతులు, తర్వాత వేసిన రంగులు చాలావరకు వేరే వెలుగులో బయటపడతాయి. టేబుల్ దీపంగా మార్చడానికి అడుగున వైరు కోసం రంధ్రం చేసి ఉంటే ధర బాగా పడిపోతుంది, అది కూడా చూడండి.

దయచేసి చేయకూడనివి. చింతపండుతో గానీ, ఇత్తడి సామాను తోమే పొడితో గానీ రుద్దకండి. బంగారు పూత ఒక్క తోముడుకే పోతుంది, మళ్లీ రాదు. నీళ్లలో నానబెట్టకండి, ఎప్పుడో మరమ్మతు చేసి అతికించిన చోట్లుంటే విడిపోతాయి. మెత్తటి తడిగుడ్డ చాలు. పెచ్చును ఇన్‌స్టంట్ గ్లూతో పూడ్చకండి, రంగు వేయించకండి. మెడ పట్టుకుని, సింహాలు పట్టుకుని ఎత్తకండి. ఒక చెయ్యి అడుగున, ఒకటి పొట్ట మీద ఉండాలి.

కోట్ల వార్తల గురించి. అవి నిజమే. 2018లో పారిస్‌లో సోథెబీస్ వేలంలో, అటక మీద చెప్పుల డబ్బాలో దొరికిన నిజమైన చియాన్‌లాంగ్ వాజ్ 1.62 కోట్ల యూరోలకు పోయింది. అది రాజదర్బారు కోసం చేసినది. మీ ఫోన్ మీ ముద్రను అలాంటి వాటి ముద్రతో పోల్చింది, వస్తువులను కాదు. ధరల వార్తలను కూడా చివరిదాకా చదవాలి. 2010లో లండన్ శివారులో ఒక వాజ్‌కు 4.3 కోట్ల పౌండ్ల పాట పలికింది, ప్రపంచమంతా వార్తయింది. కొన్నవాడు డబ్బు కట్టలేదు. ఆ తర్వాత అది ఇంకొకరికి దాదాపు సగం ధరకే వెళ్లింది. 2022లో ఫ్రాన్స్‌లోని ఫాంటేన్‌బ్లో దగ్గర, 20వ శతాబ్దపుదని నిపుణుడు రాసి రెండు వేల యూరోల లోపు అంచనా కట్టిన నీలం తెలుపు వాజ్‌కు 77 లక్షల యూరోల పాట వచ్చింది. అది 18వ శతాబ్దపుదని కొనేవాళ్లు నమ్మారు. కాలం మీద అభిప్రాయం మారితే ధర ఎంత మారుతుందో చూడండి. అందుకే ఒక్కరి మాట మీద, నా మాట మీద కూడా, అమ్మకం తేల్చుకోకండి.

20వ శతాబ్దం అనగానే చులకన చేయడం కూడా తప్పే. 1928లో జింగ్‌డెజెన్‌లో 'జుషాన్ ఎనిమిది మిత్రులు' అనే చిత్రకారుల బృందం ఏర్పడింది. వాళ్లు పింగాణీ మీద వేసిన బొమ్మలకు ఈరోజు చాలా పెద్ద ధర ఉంది. మీ వాజ్ ఆ రకం కాదు. కానీ చదువుతున్న మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. బొమ్మ పక్కన కవిత, దాని చివర చిన్న ఎర్ర సంతకం ముద్ర ఉంటే, చైనీస్ వచ్చినవాళ్లతో చదివించకుండా ఎవరికీ అమ్మకండి.

అమ్మాలనుకుంటే ఒక సంగతి తెలిసి ఉండాలి. మన దేశంలో 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన కళావస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. వ్యక్తులు వాటిని విదేశాలకు పంపడానికి వీల్లేదు. ఎక్కడో లండన్‌లో ఎక్కువొస్తుందని అమెరికాలో ఉన్న తమ్ముడి సూట్‌కేసులో పెట్టి పంపడం లాంటివి చేయొద్దు. వందేళ్లు నిండలేదని మీరు నమ్మితే పురావస్తు శాఖ, అంటే ఏఎస్ఐ దగ్గర పరిశీలన చేయించి, పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకోవాలి. దేశం లోపల అమ్ముకోవచ్చు. పురావస్తువుల వ్యాపారం చేసేవాళ్లకు లైసెన్సు ఉండాలి కాబట్టి, కొనేవాడి లైసెన్సు చూపించమని అడగడం మీ హక్కు. పన్నెండు వేలు అన్నాయన మోసగాడని నేననడం లేదు. అది ఆయన కొనే ధర, అమ్మే ధర వేరే ఉంటుంది, మధ్యలో ఆయన ఖర్చులు, లాభం ఉంటాయి. వేలంలో వచ్చే ధర ఇంకొకటి, ఇన్సూరెన్సు కోసం రాయించే ధర మరొకటి. మిమ్మల్ని ఎవరైనా 'విలువ ఇంత' అంటే, అది ఏ ధరో అడగండి.

హైదరాబాద్ వెళ్లే పనుంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణీ ఉన్న గదుల్లో రెండు గంటలు గడపండి. అసలైన గులాబీ ఎనామెల్ ఎలా ఉంటుందో, పాత గ్లేజ్ తెలుపు ఎలా ఉంటుందో కళ్లకు అలవాటైతే, ఇంటికొచ్చి మీ వాజ్‌ను చూసినప్పుడు నేను రాసినదానికంటే ఎక్కువ మీకే తెలుస్తుంది.

ఈలోగా నాకు ఇవి పంపండి. అడుగు అంచును దగ్గర నుంచి, ఏటవాలు వెలుతురులో తీసిన ఫొటో. ముద్ర మీద భూతద్దం పెట్టి తీసినది. రెండు సింహాలు ముందు నుంచి, పక్క నుంచి. ఇటు ఒక ముఖం, అటు ఒక ముఖం. మూతిలోంచి లోపలికి టార్చి వేసి తీసినది. వంటింటి త్రాసు మీద బరువు. లోపల చెయ్యి పెట్టినప్పుడు అడ్డంగా గట్టు తగిలిందో లేదో కూడా రాయండి. అవి చూశాక రెండింటిలో ఏదో నా అభిప్రాయం కచ్చితంగా చెబుతాను.